గళ్ళ పక్కన కాస్త సాదా ఉంచు తల్లీ

తల్లీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ తీరిగ్గా చూశాను. ముందుగదిలో ఎర్ర గళ్ళ సోఫా, దాని కింద ఆకుపచ్చ గళ్ళ తివాచీ, దాని మీద ఇంకో రకం గళ్ళ దిండ్లు. క్రిస్మస్ సెలవుల్లో మీ నలుగురూ ఒకే టార్టాన్ గళ్ళ పైజమాలేసుకుని దిగిన ఫొటో కూడా చూశాను. వాటితోపాటు నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇల్లంతా లుంగీ గుడ్డలు కప్పినట్టుందని మీ అత్తగారు అన్నారని నీ మనసు కష్టపెట్టుకున్నావు. అల్లుడుగారు పైకి ఏమీ అనరు గానీ ఆ గదిలో కూర్చోవడం తగ్గించారు. చిన్నాడికి కిల్ట్ అంటే ప్రాణం. పెద్దదానికి టార్టాన్ మాటెత్తితేనే విసుగు. నీకేమో స్కాట్లాండ్‌లో కాలుపెట్టిన నాటినుంచీ ఆ బట్ట మీదే మనసు. ‘ఎవరి మాట వినను పెద్దమ్మా?’ అని అడిగావు.

గళ్ళు నేసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. చీరాలలో మా మామగారి మగ్గం మీద పెద్దపెద్ద గళ్ళ రుమాళ్ళు నేసేవారు. కండెలు చుట్టి ఆయనకి అందించింది నేనే. గళ్ళ గుడ్డ అంటే నాకున్న ప్రేమ నీ ప్రేమకేమీ తీసిపోదు. అందుకని ఈ మాటలు గళ్ళంటే గిట్టనివాళ్ళు చెబుతున్నవి కావని ముందే తెలుసుకో.

మొదట మీ అత్తగారి సంగతి. ఆవిడ నిన్ను నొప్పించాలని అనలేదు. మనవైపు గళ్ళంటే ఏమిటి? మగవాళ్ళు పొలం నుంచి రాగానే కట్టుకునే లుంగీ, భుజాన వేసుకునే తువ్వాలు, మంచం మీద దుప్పటి, వంటింట్లో చేతిగుడ్డ. మాసినా కనపడదని, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుందని రోజువారీ వాడకానికి గళ్ళు తీసుకుంటాం. శుభకార్యానికి కట్టే నారాయణపేట చీరలోనూ గళ్ళుంటాయి, కాదనను. కానీ ఆ చీరకి పెద్ద అంచు, నిండైన కొంగు ఉంటాయి కాబట్టి చూపు అంచు దగ్గర ఆగుతుంది, గళ్ళు వెనక్కి తగ్గుతాయి. అంచూ కొంగూ లేని వట్టి గళ్ళు గది నిండా కనిపిస్తే ఆవిడకి లుంగీ గుర్తు రావడంలో వింతేముంది? ఆవిడ కళ్ళు డెబ్బై ఏళ్ళుగా చూసింది అదే. దానికి నువ్వు చిన్నబుచ్చుకోకు.

ఆవిడకి ఒక సంగతి చెప్పు. మా మామగారు నేసిన ఆ రుమాళ్ళు మద్రాసు రేవు మీదుగా పడమటి ఆఫ్రికాకి వెళ్ళేవి. వ్యాపారంలో వాటి పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసే లంకల్లో కలబారి అనే జనం ఉన్నారు. వాళ్ళు ఈ గుడ్డని ఇంజిరి అంటారు. ఆ గుడ్డలు వాళ్ళ ఇళ్ళలో పెట్టెల్లో దాచుకునే ఆస్తి. తల్లి నుంచి కూతురికి, అమ్మమ్మ నుంచి మనవరాలికి వెళతాయి. పెద్దవాళ్ళు పోయినప్పుడు ఆ ఇంటి వంశాన్ని, గౌరవాన్ని చూపించేలా మంచాన్ని ఆ గుడ్డలతో అలంకరిస్తారు. ఇక్కడ లుంగీ దగ్గర ఆగిపోయిన గళ్ళు అక్కడ అంత ఎత్తుకి వెళ్ళాయి. గుడ్డ అదే, మగ్గం అదే. ఎవరి చేతిలో పడింది, ఏ సందర్భానికి తీశారు అన్నదాన్ని బట్టే దానికి విలువ వచ్చింది.

ఆ కలబారి ఆడవాళ్ళు ఇంకో పని చేస్తారు. మన గళ్ళ గుడ్డని ఉన్నదున్నట్టు కట్టుకోరు. పదునైన బ్లేడుతో కొన్ని పోగులు ఏరి కోసి, ఒక్కొక్కటీ లాగేస్తారు. పోగులు పోయినచోట గుడ్డ పల్చబడి, మిగిలిన గళ్ళ మధ్య కొత్త నమూనా తేలుతుంది. దాన్ని పెలెటె బిటె అంటారు. అంత ఇష్టపడి కొన్న గుడ్డలోంచి పోగులు తీసేసి దాన్ని తమదిగా చేసుకోవడం నాకెంతో నచ్చిన సంగతి. నీ ముందుగది చూసినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు. గళ్ళ గుడ్డ గదిలోకి రాగానే మిగతా బట్టల కన్నా ఎక్కువ చోటు ఎందుకు ఆక్రమిస్తుందో నేత తెలిస్తే అర్థమవుతుంది. టార్టాన్‌లో పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఏ రంగులు ఏ వరసలో ఉంటాయో అడ్డంగా పోయే పేకలోనూ సాధారణంగా అవే రంగులు అదే వరసలో పోతాయి. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక వెళ్ళినచోట నిండు ఎరుపు. ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ పేక వెళ్ళినచోట రెండూ కాని మూడో రంగు. అంటే రెండు రంగుల నూలుతో మూడు రంగులు పుడతాయి. మూడు రంగులు వేస్తే ఆరు, నాలుగు వేస్తే పది. ఆరు రంగులు వేస్తే ఇరవై ఒకటి! అందులో అసలు రంగులు ఆరే, మిగతా పదిహేనూ ఒకదాంతో ఒకటి కలిసి పుట్టినవి. నీ సోఫా ఫొటోని పెద్దది చేసి చూశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, పసుపు, తెలుపు నాకు కనిపించాయి. ఆ లెక్కన ఆ ఒక్క సోఫాలోనే ఇరవై ఒక్క ఛాయలున్నాయి. తివాచీలో ఇంకో పది, దిండ్లలో ఇంకో ఆరు. వీటన్నిటి మధ్యా అల్లుడుగారు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కూర్చోవాలి. ఆయన కంటికి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది చెప్పు?

ఈసారి తీరిక దొరికినప్పుడు నీ టార్టాన్ ఊలు శాలువా ఒక మూల కిటికీ వెలుగులో కంటికి దగ్గరగా పట్టుకుని చూడు. ఎరుపూ ఆకుపచ్చా కలిసినచోట రంగు కలిసిపోయి ఉండదు. సన్నటి ఏటవాలు గీతలుంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. మా రుమాళ్ళలో పేక ఒక పోగు మీదా ఒక పోగు కిందా పోయేది కాబట్టి అక్కడ చుక్కలు చుక్కలుగా కనిపించేది. టార్టాన్‌లో పేక రెండు పోగుల మీద, రెండు పోగుల కింద పోతూ ప్రతి వరసకీ ఒక పోగు పక్కకి జరుగుతుంది. ఆ జరగడం వల్లే ఏటవాలు గీత వస్తుంది, గుడ్డకి బరువూ జారుడూ వస్తాయి, కిల్ట్ కుచ్చిళ్ళు అంత అందంగా ఊగుతాయి. ఆ శాలువా అలాగే దూరంగా కుర్చీ మీద వేసి గుమ్మం దగ్గర నుంచుని చూడు. గీతలు మాయమై నిండు ఛాయలు వస్తాయి. దగ్గర్నించి ఒక అందం, దూరం నుంచి ఇంకో అందం ఉన్న గుడ్డ అది. ఆ రెండూ కనిపించాలంటే దాని చుట్టూ ఏ బొమ్మా గీతా లేని చోటు కొంత ఉండాలి. గోడ, నేల, సోఫా అన్నీ గళ్ళే అయితే ఏ ఒక్క గడీ నిలబడి కనిపించదు. నువ్వు ప్రేమించిన గుడ్డకే నువ్వు అన్యాయం చేస్తున్నావని నా బాధ.

అందుకని సోఫాకి సాదా తొడుగు వేయించు. బూడిద రంగో, ఊదా కలిసిన నీలమో, నీ ఇష్టం. దాని వీపు మీద ఒక్క మంచి ఊలు దుప్పటి మడిచి వెయ్యి. పూర్వం హైలాండ్స్‌లో, అంటే స్కాట్లాండ్ ఉత్తరాన కొండసీమలో, మగవాళ్ళు అటువంటి పొడవాటి గుడ్డనే పగలు నడుముకి బిగించి భుజం మీద వేసుకునేవారు, రాత్రి అదే కప్పుకుని పడుకునేవారు. టార్టాన్ మొదటినుంచీ మనిషి ఒంటి మీదా ఒళ్ళోనూ ఉన్న బట్ట. గోడ పొడవునా పరిచిన దానికంటే చలివేళ కాళ్ళమీద లాక్కునే దుప్పటిగానే దానికి నిండుదనం. చిన్న గదిలో జానెడు వెడల్పు గళ్ళు పెట్టకు, గది ఇంకా చిన్నదవుతుంది. రంగుల విషయంలో కూడా దుకాణంలో అడిగి తీసుకో. ఒకే నమూనాని మోడరన్ అని ముదురు రంగుల్లోనూ, ఏన్షియంట్ అని ఆకులూ బెరళ్ళూ వేసి అద్దిన కాలాన్ని తలపించే లేత రంగుల్లోనూ, వెదర్డ్ అని ఎండకీ మట్టికీ వెలిసినట్టుండే గోధుమ, బూడిద ఛాయల్లోనూ నేస్తారు. ఇంట్లోకి ఈ చివరిది బాగుంటుంది. మీ అత్తగారికి అందులో లుంగీ గుర్తుకి రాదు.

ఇక ఒంటి మీది బట్ట. ఇది నాకు ఎక్కువ పట్టింపు ఉన్న సంగతి.

నువ్వుంటున్న దేశంలో ఈ బట్ట పడ్డ కష్టం నీకు తెలిసే ఉంటుంది. 1746 ఏప్రిల్‌లో ఇన్వర్నెస్ దగ్గర కలోడెన్ యుద్ధంలో, రాజు మీద తిరగబడిన స్టూవర్ట్ రాకుమారుడి హైలాండ్ సైన్యం ఓడిపోయింది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లాండ్‌లో మగవాడెవడూ, మగపిల్లాడెవడూ హైలాండ్ దుస్తులు వేసుకోకూడదన్నారు. మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం అవతలి తోటలకి ప్రవాసం. రాజు సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు. చట్టం ఆడవాళ్ళ పేరెత్తలేదు. ఆ చట్టాన్ని 1782లో గానీ ఎత్తేయలేదు. ముప్పై అయిదేళ్ళు! తండ్రి కట్టుకున్నది కొడుకు కట్టకుండా ఒక తరం పెరిగింది. మగ్గం ఇంట్లో బతికినదాన్ని కాబట్టి నాకు అది చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఏ రంగు ఎన్ని పోగులో రాసుకోనివాళ్ళు, చేతి అలవాటుతోనే గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఎందరు పోయుంటారో.

ఆ తరవాత కథ మరోవైపు తిరిగింది. 1822 ఆగస్టులో నాలుగో జార్జ్ రాజు ఎడింబరో వచ్చాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవమంతా తన భుజాన వేసుకుని, పెద్దలంతా టార్టాన్‌లో రావాలని ఏర్పాటు చేశాడు. రాజు కూడా ఎర్ర టార్టాన్ వేసుకున్నాడు. హైలాండ్స్ మొహం చూడని దిగువ స్కాట్లాండ్ పెద్దమనుషులు కూడా హడావిడిగా కుట్టించుకున్నారు. అప్పటికే ఉత్తరాన సదర్లాండ్‌లో గొర్రెల మేత కోసం వేలమందిని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. బట్టకి పట్టం కట్టి, ఆ బట్ట కట్టిన మనుషుల్ని వదిలేశారు. స్కాట్లాండ్‌లోనే కొందరికి టార్టాన్ చూస్తే గర్వమూ వస్తుంది, బిస్కట్ డబ్బా మీద, పర్యాటకుల టోపీ మీద చూస్తే విసుగూ వస్తుందంటే కారణం ఇది. నీ పక్కింటావిడ ‘మా ఇంట్లో ఒక్క గడి కూడా ఉండదు’ అందని రాశావు చూడు, ఆవిడ మనసులో ఏముందో తొందరపడి తీర్పు చెప్పకు.

ఒకసారి ఆజ్ఞ పెట్టి ఒంటిమీది నుంచి విప్పించారు, ఇంకోసారి ఆజ్ఞ పెట్టి తొడిగించారు. ఇన్ని చూసిన బట్టని నీ ఇంట్లో నువ్వు ఆజ్ఞ పెట్టి తొడిగించకు తల్లీ. నీ ఫొటోలో పెద్దది ఎలా నుంచుందో గమనించావా? చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది, భుజాలు ముడుచుకుంది. దానికి పద్నాలుగేళ్ళు. తనకేది నప్పుతుందో తనే వెతుక్కునే వయసు. వంశమంతా ఒకే రంగు వేసుకుని ఫొటో దిగడం ఇక్కడా ఇప్పుడు గృహప్రవేశాలకీ పెళ్ళిళ్ళకీ మామూలైపోయింది. నాకది నచ్చదు. నలుగురు నాలుగు రకాలుగా ఉంటేనే ముఖాలు కనిపిస్తాయి. నలుగురి ఒంటి మీదా ఒకే గళ్ళుంటే చూపు గళ్ళ మీదే పోతుంది. వచ్చే పండక్కి పెద్దదాన్ని దానికి నచ్చింది వేసుకోనీ. వద్దంటే వద్దు. ఇష్టం కలిగిన రోజున అదే నీ బీరువాలోంచి శాలువా తీసుకుంటుంది. నువ్వు అడగకపోతేనే ఆ రోజు తొందరగా వస్తుంది.

చిన్నాడి సంగతి వేరు. వాడికి ఇష్టం, వేసుకోనీ. బడి ఉత్సవంలో కిల్ట్ కట్టి నుంచున్న ఫొటో మా చుట్టుపక్కల అందరికీ చూపించాను. అయితే ఒకటి. పెద్దవాళ్ళ కిల్ట్‌కి సుమారు ఎనిమిది గజాల ఊలు గుడ్డ పడుతుంది, వెనక అన్నీ కుచ్చిళ్ళే. ఖరీదు బోలెడు. ఎదిగే పిల్లాడికి అంత పెట్టి కొనకు. సందర్భాలకి మీ దగ్గర అద్దెకిస్తారు కదా, ఆ పద్ధతి మంచిది. పొడుగు ఆగిపోయాక, వాడికి ఆ ఇష్టం అప్పటికీ ఉంటే, ఒక్కటి మంచిది కుట్టించు. నడుము దగ్గర తోలు పట్టీలు, బకిల్స్ ఉంటాయి కాబట్టి ఒళ్ళు కాస్త మారినా దశాబ్దాలు కట్టుకోవచ్చు. అలాంటిది తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే బట్ట.

‘మనకి ఏ వంశమూ లేదు, వేరేవాళ్ళ వంశం గళ్ళు మనం కట్టుకోవచ్చా’ అని అడిగావు. అడిగినందుకే నిన్ను మెచ్చుకుంటున్నాను. కట్టుకోవచ్చు. ఏ వంశానికి ఏ గళ్ళు అన్న లెక్కలు చాలావరకు 19వ శతాబ్దంలో కుదిరినవే. మీరుండే స్టిర్లింగ్ పక్కనే బానక్‌బర్న్‌లో విల్సన్ల మిల్లు ఉండేది. వాళ్ళు సైన్యానికి గుడ్డ సరఫరా చేస్తూ, నమూనాల్ని కొన్నిటిని అంకెలతో, కొన్నిటిని ఊళ్ళ పేర్లతో, మనుషుల పేర్లతో పుస్తకాల్లో రాసుకున్నారు. 1842లో ఇద్దరు అన్నదమ్ములు పాత రాతప్రతి ఆధారమంటూ వెస్టియారియం స్కోటికం అనే పుస్తకం వేశారు. ఆ రాతప్రతి కల్పితమని తరవాత తేలింది. అందులోని నమూనాల్లో కొన్ని మాత్రం ఈనాటికీ వంశాలవారు గౌరవంగా కట్టుకుంటున్నారు. అది విని నువ్వు నిరుత్సాహపడక్కర్లేదు. ఆరేడు తరాలవాళ్ళు పెళ్ళిళ్ళకీ చావులకీ కట్టుకుని కన్నీళ్ళు తుడుచుకున్న గుడ్డ వాళ్ళది కాకుండా పోదు. అందుకే నువ్వూ మర్యాద పాటించు. ఎవరి వంశపు గళ్ళో తెలియకుండా వేసుకోకు, అడిగితే చెప్పగలిగేలా తెలుసుకుని వేసుకో. బ్లాక్ వాచ్ ఉంది చూడు, ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసింది, అదీ, రాయల్ స్టూవర్ట్ అనే ఎర్రదీ అందరూ వేసుకుంటారు. 1853లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ రూపొందించిన బాల్మోరల్ గళ్ళు మాత్రం రాజకుటుంబానివి, వాటి జోలికి పోకు. 2009 నుంచి టార్టాన్లకి ప్రభుత్వ రిజిస్టరు ఉంది, కొత్త నమూనా ఎవరైనా నమోదు చేయించుకోవచ్చు. నీకంత మోజుంటే చీరాల రుమాలు రంగులతో ఒకటి గీయి. ఆ పనిలో పెద్దదాన్ని కలుపుకో, బొమ్మలు వేస్తుందిగా. కట్టుకోమంటే మొండికేసే పిల్ల గీయమంటే కూర్చోవచ్చు.

మీ అత్తగారు వచ్చినప్పుడు ఆవిడని ఎడింబరోలో నేషనల్ మ్యూజియంకి తీసుకెళ్ళు. ఫాల్కిర్క్‌లో రోమన్ల కాలం వెండి నాణేలు దాచిన కుండ దొరికింది. ఆ కుండతోపాటు దొరికిన చిన్న ఊలు గుడ్డ పేలిక ఆ మ్యూజియం సేకరణలో ఉంది. మూడో శతాబ్దం నాటిది. రంగులేమీ అద్దలేదు, గొర్రె ఒంటిమీది రెండు ఛాయల ఊలే, గళ్ళుగా నేశారు. ఇంత కాలం కిందట ఎవరో ఆడమనిషో మగమనిషో మా మామగారిలాగే పోగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారని ఆవిడకి చెప్పు. వింటారు. నేత అంటే మీ అత్తగారికి గౌరవమే, నాకు తెలుసు.

కొనేటప్పుడు ఒక్క పని చెయ్యి. ఏ గళ్ళ బట్ట అయినా సరే, అతుకు దగ్గర చూడు. చొక్కా అయితే జేబు, బొత్తాల పట్టీ. దిండు అయితే అంచు కుట్టు. మంచి దర్జీ గడికి గడి కలిపి కుడతాడు, అడ్డగీత అతుకు దాటి తిన్నగా సాగిపోతుంది. దానికి గుడ్డ ఎక్కువ పడుతుంది కాబట్టి చవక సరుకులో కలపరు. నీ క్రిస్మస్ పైజమాల్లో చిన్నాడి చొక్కా జేబు మీద గీతలు ఒక వేలెడు కిందికి దిగాయి. గీతలు తప్పిన గళ్ళు ఎంత ఖరీదు పెట్టినా చిందరవందరగానే కనిపిస్తాయి, ఆ విసుగు బట్ట తప్పుకాదు, కుట్టు తప్పు. ఊలు దుప్పటిని వేడినీళ్ళలో వేయకు. ఎండాకాలం పెట్టెలో పెట్టే ముందు దులిపి, శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక మడత పెట్టు. పురుగు మాసిన ఊలునే ముందు పట్టుకుంటుంది.

పరదాల కోసం కొన్న గళ్ళ గుడ్డకి ఇంకా కత్తెర పడలేదన్నావు కాబట్టి దుకాణం వాడికి తిప్పి పంపెయ్. ఆ డబ్బులో సగంతో నీకు నచ్చిన దుప్పటి ఒకటి కొనుక్కో, తక్కువ రకానికి పోకు. కిటికీలకి ఇక్కడినుంచి నేను మంగళగిరి గుడ్డ పంపిస్తాను, సాదాది, కింద సన్నటి జరీ అంచు ఒక్కటే ఉంటుంది. ఎత్తూ వెడల్పూ అంగుళాల్లో కొలిచి రాయి, మడతకి నేనే కలుపుకుంటాను. ఏ రంగు కావాలో మాత్రం ఈసారి అల్లుడుగారిని అడిగి రాయి.

పిల్లలకి నా ముద్దులు.

మీ పెద్దమ్మ